ఫైలు కింద ఒబ్బట్టు

పడ్డాయి తల్లీ, పడకుండా ఎట్లా ఉంటాయి? మొన్న ఫోనులో పూణే నుంచి చిన్నది అడిగింది, "అవ్వా, అన్నేళ్లు ఆసుపత్రిలో చేశావు కదా, నీకెప్పుడైనా తిట్లు పడ్డాయా" అని. అరిచిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఆ అరుపులు ఏవీ నాకు గుర్తు లేవు. గుర్తున్న తిట్టు ఒక్కటే. గొంతు పెంచకుండా, టీ కప్పు చేతిలో పట్టుకుని, ఇంగ్లీషులో తిట్టిన తిట్టు. పెద్దది నర్సింగులో చేరతానని అంటోంది కాబట్టి ఆ సంగతి మొదటి నుంచీ చెప్తాను. ఇద్దరూ వినండి.

అప్పుడు నేను ఈ కర్ణాటక అంచున, చింతామణిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో వార్డు సిస్టరును. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ ఏడు విదేశం నుంచి ఒక డాక్టర్ల బృందం వచ్చింది. వాళ్ల ఊళ్లో సెలవు పెట్టుకుని, వాళ్ల ఖర్చుతో వాళ్లే వచ్చి, కాలిన పిల్లలకు ఊరికే ఆపరేషన్లు చేసిపోయే మనుషులు. కాలిన గాయం మానితే కష్టం తీరిపోయిందని మనం అనుకుంటాం. మానేటప్పుడే అసలు కష్టం మొదలు. చర్మం ముడుచుకుంటూ పోయి గడ్డాన్ని రొమ్ముకు, వేళ్లను అరచేతికి లాగి అతికించేస్తుంది. పిల్లలు పెరుగుతారు, ఆ మచ్చ పెరగదు. దాన్ని కోసి విడదీసి, తొడ నుంచి తీసిన చర్మాన్ని అక్కడ వేసి కుట్టాలి. మీకు ఇంతవరకు తెలిస్తే చాలు.

బృందంలో ఇద్దరి గురించే చెప్తాను. పెద్ద డాక్టరు భారీ మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. వచ్చిన రోజే మా మేనేజరు ఆయన తలకు మైసూరు పేటా చుట్టించి శాలువా కప్పితే, తియ్యకుండా సాయంత్రం దాకా దాంతోనే తిరిగాడు. రెండో మనిషి మత్తు ఇచ్చే డాక్టరమ్మ. సన్నగా, పొడుగ్గా, పొట్టి తెల్ల జుట్టుతో ఉండేది. నవ్వదు, అరవదు. ఒక్కో పిల్లనూ చూసి ఒకటే ప్రశ్న అడిగేది: "ఏమైనా తిన్నదా?"

వారం రోజుల కార్యక్రమం. సోమవారం పిల్లలను చూసి ఏరుకోవడం. మంగళవారం నుంచి శనివారం వరకు ఆపరేషన్లు. శనివారం సాయంత్రం ఐదింటికి వాళ్లు విమానానికి బయలుదేరాలి. ఏ పిల్లకు ఏ రోజు అనే పట్టీ రాసింది నేనే. స్కేలు పెట్టి గీతలు కొట్టి, రెండు రంగుల పెన్నులతో రాసి గోడకు అంటించాను. మేనేజరు దాన్ని ఫోటో కూడా తీసుకున్నాడు.

సోమవారం బాగేపల్లి నుంచి, చాకవేలు నుంచి, పేరేసంద్ర నుంచి జనం వచ్చారు. మా వార్డులో మంచాలు తక్కువ. అందుకని ముందురోజే చేర్చుకోకుండా, ఆపరేషను రోజు పొద్దున ఆరింటికి రమ్మన్నాం. రాత్రి పది తరువాత పిల్లకు మంచినీళ్లు కూడా ఇవ్వొద్దని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ "సరేమ్మా, సరేమ్మా" అన్నారు. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అంత సులభంగా ఒప్పుకున్నారంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మంగళవారం పొద్దున డాక్టర్లు ఆకుపచ్చ బట్టలు వేసుకుని తయారయ్యారు. ఆరయింది, ఏడయింది. వరండాలో ఐదుగురు పిల్లలు కూర్చుని ఉండాలి. కుక్క ఒకటి పడుకుని ఉంది. ఏడున్నరకు పెద్ద డాక్టరు బయటికొచ్చి ఆ కుక్కను చూసి, "ఇది మన మొదటి పేషెంటా?" అన్నాడు.

నేను ఆయమ్మను పిలిచాను. ముప్పై ఏళ్లుగా మా వార్డు ఊడ్చి, తుడిచి, మా అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి.

"ఏమ్మా, ఎవురూ రాలేదే?"

"రారు సిస్టర్. ఈ పొద్దు మంగళారం గదా. మంగళారం గోళ్లే తియ్యరు, బిడ్డ చెయ్యి కోయిస్తారా?"

"తెలిసి ముందే చెప్పొచ్చు గదా."

"మీరు అడగలే. గోడకు అంటించేసినారు. రెండు రంగుల్లో."

నేనూ ఈ ఊరి మనిషినే. మంగళవారం మీ నాన్నకు గడ్డం గీసుకోవద్దని చెప్పేదాన్నీ నేనే. కానీ ఆసుపత్రి గేటు లోపలికి అడుగు పెడితే నాకు వారాలు ఉండేవి కావు, డ్యూటీలే ఉండేవి. ఊళ్లో ఒక మనిషినీ ఆసుపత్రిలో ఒక మనిషినీ అయిపోయాను. ఆ ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సంగతి మత్తు డాక్టరమ్మకు చెప్పాల్సి వచ్చింది. టీ తాగుతూ విన్నది. విని అడిగింది, "మీ ఇల్లు ఎక్కడ?"

"ఆసుపత్రి వెనక వీధి, మేడమ్."

"నేను రెండు విమానాలు మారి వచ్చాను. నాకు తెలియదు. మీరు వెనక వీధి నుంచి వచ్చారు."

అంతే. అదే ఆ తిట్టు. తరువాత చాలాసేపు టీ తాగింది.

ఎనిమిదిన్నరకు ఒకే ఒక్క పిల్ల వచ్చింది. గూళూరు పక్క ఊరు. ఏడేళ్లుంటాయి. తల్లి బాలింత కావడంతో అవ్వ తీసుకొచ్చింది. బస్సు దొరక్క ఎవరి బండో ఎక్కి వచ్చారు. రెండేళ్ల వయసులో ఆ పిల్ల స్నానం నీళ్ల పొయ్యి దగ్గర నిప్పుల్లో చెయ్యి పెట్టింది. కుడిచేతి నాలుగు వేళ్లూ అరచేతికి అతుక్కుపోయాయి. ఐదేళ్లుగా ఆ చెయ్యి పిడికిలిగానే ఉంది.

"అవ్వా, మంగళారమని మీకు పట్టింపు లేదా?" అన్నాను.

"చెయ్యి కాలింది గూడా మంగళారమేనమ్మా. ఇంక దానికి మించి ఏమి చేస్తాది మంగళారం?"

నాకు ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. పిల్లను అడిగాను, "చెయ్యి తెరుచుకుంటే ఏం చేస్తావే?"

"మా క్లాసులో ఒగడుండాడు. వాణ్ణి గిల్లాల," అంది. "గుద్దేది బాగా వస్తాది సిస్టర్. గిల్లేదే రాదు."

పెద్ద డాక్టరుకు చెప్తే పగలబడి నవ్వి, ఇంతకంటే మంచి కారణం తనకు ఏ దేశంలోనూ ఎవరూ చెప్పలేదన్నాడు. మత్తు డాక్టరమ్మ మాత్రం వంగి తన ప్రశ్న అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"ఏమీ తిన్లే. దేవునితోడు," అంది పిల్ల.

డాక్టరమ్మ పిల్ల గడ్డం మీద వేలు పెట్టి చూపించింది. ఎండిన రాగి అంబలి, మీసం కట్టినట్టు.

అవ్వ ఏమాత్రం తగ్గలేదు. "ఒట్టి కడుపుతో బిడ్డని కత్తి కిందికి పంపేకి నేనేమన్నా రాక్షసినా? ఒగ గ్లాసే తాపినా. దొడ్డది గాదు, చిన్న గ్లాసే."

ఆపరేషను ఆగిపోయింది. అట్లా మంగళవారం మొత్తం ఖాళీగా పోయింది. బుధవారం మాత్రం ఏడు కూడా కాకముందే మంగళవారం పిల్లలు, బుధవారం పిల్లలు, రాత్రి ఎవరో చెప్తే విని వచ్చిన కొత్త పిల్లలు, అందరూ వరండా నిండా ఉన్నారు. కుక్కకు చోటు లేదు. ఐదు రోజుల పని నాలుగు రోజుల్లో ఇరికించాలి. మెడ అతుక్కున్నవాళ్లు, కంటిరెప్ప మూతపడనివాళ్లు ముందు. చెయ్యి కాబట్టి మా గూళూరు పిల్లను గురువారానికి వేశాం. మళ్లీ ఇంట్లో అంబలి తాగి రాకుండా అవ్వతో సహా వార్డులోనే ఒక మంచం ఇచ్చాను.

అది ఇంకో తప్పు. ఇంట్లో అయితే ఆ పిల్లకు అన్నం పెట్టే మనిషి ఒక్కతే. వార్డులో ఇరవై మంది. ఏడేళ్ల పిల్ల పొద్దున్నుంచి ఆకలితో కూర్చుంటే మన ఆడవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? గురువారం పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి పిల్ల నోరు తెరిపించింది. నాలుక కింద వేరుశనగ గింజ. ఎవరిచ్చారని అడిగితే పిల్ల చెయ్యెత్తి చూపించింది. ఒక మంచం కాదు, వరసగా మూడు మంచాలు. ఒకరు శనగ గింజలు, ఒకరు అరటిపండు, ఇంకొకరు, "పాలే సిస్టర్, పాలు తిండి గాదు గదా."

పెద్ద డాక్టరు తల పట్టుకున్నాడు. డాక్టరమ్మ ఫైలులో ఏదో రాసి మూసింది. ఇక మిగిలింది శనివారం మధ్యాహ్నం, అందరికంటే చివర. అది తప్పితే వాళ్లు విమానం ఎక్కేస్తారు. మళ్లీ ఈ వైపుకు వస్తారో రారో వాళ్లకే తెలియదు. మంగళవారం అందరూ వచ్చి ఉంటే, పట్టీ ఇంత ఇరుకు కాకుండా ఉంటే, ఈ పిల్లకు ఏ శుక్రవారమో ఇంకో అవకాశం ఉండేది. ఆ పట్టీ రాసింది నేను. కాబట్టి ఆ పిల్ల చెయ్యి నా మెడకు చుట్టుకుంది.

శనివారం తెల్లారినప్పటి నుంచి నేను ఆ మంచం పక్క నుంచి కదల్లేదు. పిల్ల వీపు మీద ప్లాస్టరు అంటించి, 'ఈ పిల్లకు ఏమీ పెట్టవద్దు' అని తెలుగులో, కన్నడలో రాశాను. చదువు రానివాళ్ల కోసం ఆయమ్మ దాని కింద ఒక రాగిముద్ద బొమ్మ వేసి అడ్డంగా కొట్టేసింది. దాన్ని చూసి పక్క మంచం ఆమె, "దిష్టికి మంచిదేనా ఇది? మా పిల్లోనికీ ఒగటి ఎయ్యి," అంది. ఆయమ్మ వేసింది. మధ్యాహ్నానికి వార్డులో సగం మంది వీపుల మీద రాగిముద్దలే.

అవ్వకు మాత్రం కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. "మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉండేది పైకొస్తే, ఊపిరితిత్తుల్లోకి పోతాది అవ్వా. ప్రాణానికే ప్రమాదం. ఆ డాక్టరమ్మ ఊరికే అడగదు."

ఈసారి అవ్వ మొహం మారింది. ఈ సంగతి మంగళవారమే ఇట్లా చెప్పి ఉండాలి నేను. 'వద్దు' అని చెప్పానే తప్ప ఎందుకు వద్దో చెప్పలేదు. పెద్దదానా, ఇది నువ్వు గుర్తు పెట్టుకో.

అవ్వ తలూపింది. తరువాత సంచిలో నుంచి ఒక పొట్లం తీసింది. ఆ పొద్దున మనవరాలి కోసం ఊరి నుంచి ఎవరి చేతనో తెప్పించిన ఒబ్బట్లు, బొబ్బట్లంటారే అవే. నెయ్యి వాసన వార్డంతా కమ్ముకుంది.

"బిడ్డ తినదు, సరే. అయితే ఉత్త నోటితో పంపకూడదమ్మా. పెద్ద పనికి పొయ్యేటప్పుడు నోరు తీపి చెయ్యాల. బిడ్డ తినకూడదంటే, దాని చెయ్యి పట్టుకొని లోపలికి తీస్కపొయ్యేవాళ్లు తింటే సరిపోతాది. నువ్వు తినమ్మా."

"నాకు శనివారం ఒక్కపొద్దు అవ్వా. పొద్దు మునిగేదాకా తినను."

అవ్వ ఆయమ్మ వైపు తిరిగింది. ఆమెకు షుగరు. "నాకు పెడితే ఇంకో మంచం కావల్సొస్తాది," అంది ఆయమ్మ.

"యాడన్నా ఒగరు దొరుకుతారులే," అని అవ్వ ఒబ్బట్టును కాగితంలో పెట్టుకుని అట్లే కూర్చుంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒంటిగంట దాటాక డాక్టరమ్మ వార్డుకు వచ్చింది, పిల్లను ఆఖరిసారి చూసుకోవడానికి. పొద్దున ఏడు నుంచి థియేటరులో నిలబడే ఉంది. భోజనానికి పిలిచినా పోలేదని ఆయమ్మ చెప్పింది. అదే సమయంలో మూడో మంచం పిల్లకు కట్టు జారిందని పిలిస్తే నేను అటు పోయాను. పది నిమిషాలు. మొత్తం శనివారంలో నేను ఆ పిల్లను విడిచింది ఆ పది నిమిషాలే.

నేను తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ వెళ్లిపోయింది. థియేటరు నుంచి పిలుపు వచ్చింది. పిల్లను ట్రాలీ మీదికి ఎక్కించి, మంచం పక్క బల్ల మీద నుంచి ఫైలు ఎత్తాను.

ఫైలు కింద కాగితంలో ఒబ్బట్టు. ఒక పక్క అర్ధచంద్రంలా కొరికి ఉంది.

వార్డు తలుపు నుంచి థియేటరు తలుపుకు నలభై అడుగులుంటాయి. ఆ నలభై అడుగులు నేను ఎట్లా నడిచానో మీకు చెప్పలేను. చూసింది నేనొక్కదాన్నే. కాగితం మడిచి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆపరేషను జరిగిపోతుంది. చెబితే మూడోసారి ఆగుతుంది, ఈసారి ఆగితే ఎప్పటికీ ఆగినట్టే. వంగి పిల్ల చెవిలో అడిగాను, "నిజం చెప్పవే తల్లీ, కొరికినావా?"

"తిన్లే సిస్టర్. దేవునితోడు."

మంగళవారం కూడా ఇదే దేవుడు. ఇదే మొహం.

ఒబ్బట్టును కట్ల సామాను పెట్టే కిడ్నీ ట్రేలో పెట్టి, పైన కట్టు కట్టే పల్చటి గాజుగుడ్డ కప్పి, లోపలికి తీసుకుపోయాను. ఇంకేం చెయ్యను? పిల్ల చెయ్యి మూసుకుని ఉన్నా బతకొచ్చు, ఊపిరి మూసుకుపోతే బతకలేదు.

పెద్ద డాక్టరు గుడ్డ ఎత్తి చూశాడు. నవ్వే మనిషి కాస్తా నల్లబడిపోయాడు. "అయ్యో, మళ్లీనా" అన్నట్టు ఏదో అన్నాడు వాళ్ల భాషలో. నాకు మాట అర్థం కాలేదు గానీ, ఆ గొంతు ఏ భాషలో అయినా అదే.

అందరం డాక్టరమ్మ వైపు చూశాం. ఆమె మాస్కు కట్టుకుని ఉంది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ట్రే వైపు చాలాసేపు చూసింది.

"ఎక్కడ దొరికింది?"

"ఫైలు కింద, మేడమ్."

"పిల్ల తినలేదు."

పెద్ద డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. "గురువారం ఒక్క వేరుశనగ గింజకు..."

"తినలేదు. నాకు తెలుసు. మీరు చేతులు కడుక్కోండి," అంది డాక్టరమ్మ. మొహం కనపడలేదు గానీ, మాస్కు తాళ్ల వెనక చెవులు రెండూ మిరపపండ్ల మాదిరి ఎర్రబడి ఉన్నాయి. థియేటరులో చలికి అనుకున్నాను.

తలుపులు మూశారు. నేను బయట అవ్వ పక్కన కూలబడ్డాను. డాక్టరమ్మ మాట మీద నమ్మకం ఉంది. కానీ ఎట్లా తెలుసు? ఆగలేక అవ్వను నిలదీశాను.

"నిజం చెప్పు. ఒబ్బట్టు కొరికింది ఎవురు?"

"నేనైతే గాదు," అని అవ్వ నోరు తెరిచి చూపించింది. పైన ఒక పన్ను, కింద ఒక పన్ను. ఆ రెండూ ఎదురెదురుగా కూడా లేవు.

"మరి బిడ్డ తినిందా?"

"చీ, నువ్వు అంత చెప్పినాక పెడతానా? తినాల్సినోళ్లు తిన్నారు. నువ్వు గమ్మున కూర్చో."

ఆ రెండు గంటలు నేను గమ్మున కూర్చోలేదు. గోడ గడియారం వైపు చూస్తూ, నా ఒక్కపొద్దు సాక్షిగా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. నాలుగింటికి ట్రాలీ బయటికొచ్చింది. చెయ్యి పెద్ద కట్టులో ఉంది, వేళ్లు నాలుగూ బారుగా, సన్న కడ్డీల ఆసరాతో. పిల్ల మత్తులో నుంచి మెల్లగా కళ్లు తెరిచి మొదట అన్న మాట, "ఆకలి." ఆ మాట అనడానికి నోరు తెరిచినప్పుడు చూశాను. పైపళ్లు ముందువి రెండూ ఊడి ఉన్నాయి. వారమంతా ఆ నోరు తెరిపించి చూసినదాన్ని, నాలుక కింద వెతికానే గానీ పళ్లు చూడలేదు. ఒబ్బట్టు మీద గాటు ఎక్కడా సందు లేకుండా పూర్తిగా ఉంది.

ఐదింటికి వ్యాను గేటు దగ్గర నిలబడింది. మేనేజరు అందరికీ పూలగుచ్ఛాలు ఇస్తున్నాడు. అవ్వ వాళ్లందరినీ తోసుకుంటూ వచ్చి, న్యూస్‌పేపరులో చుట్టి దారం కట్టిన పొట్లం డాక్టరమ్మ చేతిలో పెట్టింది. డాక్టరమ్మ రెండు చేతులతో తీసుకుంది. అంత నవ్వని మనిషి, నవ్వింది.

నేను దగ్గరికి పోయి మెల్లగా అడిగాను, "మేడమ్, పిల్ల తినలేదని మీకు ఎట్లా తెలుసు?"

ఆమె పొట్లం వైపు చూసింది, దారం ఇంకా విప్పలేదు. "వీటిలో వేసేది ఏలకులేనా?" అని అడిగింది.

"అవును మేడమ్. కందిపప్పు, బెల్లం, ఏలకులు."

"అదే అనుకున్నాను," అంది. వ్యాను తలుపు మూసుకుంది.

ఎవరు తిన్నారనేది నాకు అప్పుడు తెలిసిపోయింది. ఫైలులో ఆమె సంతకం పక్కన బొటనవేలంత నెయ్యి మరక కూడా తరువాత చూశాను, ఎవరికీ చూపించలేదు. పిల్ల ఆ తరువాత నెలల తరబడి వేళ్ల వ్యాయామానికి ఆసుపత్రికి వచ్చింది. చిటికెన వేలు కాస్త వంకరగానే ఉండిపోయింది. గిల్లడానికి అది అవసరం లేదంది. క్లాసులో ఆ అబ్బాయి సంగతి నేను అడగలేదు.

నాకు తేలని సంగతి వేరే ఉంది. ఒక రోజు పిల్లను వ్యాయామానికి తీసుకొచ్చినప్పుడు అవ్వను అడిగాను, "డాక్టరమ్మకు తెలుగు రాదు, నీకు ఇంగ్లీషు రాదు. ఏమని పెట్టినావు?"

"ఉన్నదంతా చెప్పినా. బిడ్డకు బదులు నువ్వు తినాల, దాని చెయ్యి నీ చేతిలో పెడతాండా అని. ఆ డాక్టరమ్మ నా మొగం జూసింది, బిడ్డ మొగం జూసింది, తినింది."

పొద్దున్నుంచి ఏమీ తినకుండా నిలబడిన మనిషి. ఆకలికి తిన్నదా, బిడ్డకు బదులుగా తిన్నదా?